పెట్టెలో వచ్చే ఇంజిన్

డబ్లిన్, కాలిఫోర్నియా
సెప్టెంబర్ 8, 2024

బావగారికి,

వందనాలు. ఫోన్‌లో ఇంకోసారి కారు మాట ఎత్తితే ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేస్తానని అక్క అంది కాబట్టి, కాగితం మీదే పోట్లాడుకుందాం. కాగితం మీదైతే మీ గొంతు వినపడదు. నాకు మిగిలిన లాభం అదొక్కటే.

లేబర్ డే సెలవుకి వచ్చినప్పుడు మీ గ్యారేజ్‌లో నేను చెప్పబోయిందీ, మీరు చెప్పనివ్వనిదీ ఇది. ఆ షెవెల్ కారు నాది. 1969 మోడల్ అని మోజుపడి నేను కొన్నాను. మా అపార్ట్‌మెంట్‌కి గ్యారేజ్ లేదు కాబట్టి ఇర్వింగ్‌లో మీ ఇంట్లో పెట్టాను. పెట్టినంత మాత్రాన దానికి ఏ ఇంజిన్ వేయాలో తేల్చే హక్కు మీకు రాసివ్వలేదు. నాకు కొత్త ఎల్ఎస్ ఇంజిన్ కావాలి. పెట్టెలో వస్తుంది, కంప్యూటర్‌తో నడుస్తుంది, తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది. బిగించడానికి రెండు వీకెండ్‌లు చాలు. వేసవిలో డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్లి పావు మైలు రేసులో పరిగెత్తించాలన్నది నా ఆశ. మీ పద్ధతిలో అయితే నా రిటైర్‌మెంట్‌కి సిద్ధమవుతుంది.

కారుతో పాటు పుట్టిన ఆ పాత 396 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని మీరు ముక్కలుగా విప్పి, అట్టపెట్టెల్లో సర్ది, ఒక్కో పెట్టె మీద పేరు రాసి పెట్టుకున్నారు. చూడటానికి బాగానే ఉంది, మ్యూజియంలాగా. మచిలీపట్నం ఆర్టీసీ డిపోలో ఆరేళ్లు బస్సులు బాగుచేశారు, కాదనను. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశారు. మీ వృత్తి ఏదో మీరే లెక్క చూసుకోండి.

అక్కకి వందనాలు చెప్పమంది మా ఆవిడ అబిగేల్. మీకు చెప్పమనలేదు.

మీ మీద గౌరవం తగ్గకుండా జాగ్రత్తపడుతున్న
షాలేం రాజు


ఇర్వింగ్, టెక్సాస్
సెప్టెంబర్ 17, 2024

షాలేం రాజుకి,

నీ ఉత్తరం అందింది. ఆ అక్షరాలు చూస్తే కీబోర్డు కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

పెట్టెలో వచ్చే ఇంజిన్ అంటే ఏమిటో నీకు తెలియదు, నేను చెబుతాను. ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ వాడు తెచ్చే బిర్యానీ. ఎవరింటి పెళ్లికి వెళ్లినా అదే రుచి. తిన్నవాడు బాగుందంటాడు, ఇంటికెళ్లాక ఏం తిన్నాడో గుర్తుండదు. ఇక్కడి మన చర్చి పార్కింగ్‌లో పద్నాలుగు టెస్లాలున్నాయి, పదకొండు తెల్లవి. ఆరాధన అయ్యాక ఎవడి కారు ఏదో తెలియక ఫోన్ నొక్కుకుంటూ తిరుగుతుంటారు. నువ్వు అక్కడికి షెవెల్ వేసుకొచ్చి, బోనెట్ ఎత్తి, అందరి దగ్గరా ఉండే ఇంజిన్‌నే చూపిస్తానంటున్నావు.

నీ కారు ఛాసిస్ నంబరులో ఉన్న అంకెలే ఆ పాత ఇంజిన్ బ్లాక్ మీదా కొట్టి ఉన్నాయి. యాభై ఐదేళ్లు కలిసి తిరిగాయి. నువ్వు ఏ కంపెనీలోనైనా మూడేళ్లు దాటి ఉన్నావా? నీకు కలిసుండటం గురించి ఏం తెలుస్తుంది.

బ్లాక్‌ని బోరింగ్‌కి ఇచ్చాను. సిలిండర్లు అరిగి ఉన్నాయి, లోపల గీసి కొంచెం పెద్దవి చేస్తారు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసి, ఈస్టర్ నాటికి నా చేత్తో నిలబెడతాను. యూట్యూబ్‌లో గడ్డం వాళ్లు చెప్పేది విని నాకు ఉత్తరాలు రాయకు. వాళ్లు ఇంజిన్ మార్చేటప్పుడు మధ్యలో కెమెరా ఆపి ఎవరిచేతో చేయిస్తారు.

మీ అక్క క్షేమం. నా స్పానర్లన్నీ సైజుల వరస తప్పించి, రంగుల వరసలో సర్దిపెట్టింది. ఆమెని గ్యారేజ్‌లోకి రావద్దన్నాను.

నీకంటే ముందు పుట్టిన
ప్రేమానందం


డబ్లిన్
అక్టోబర్ 27, 2024

బావగారికి,

మీ ఉత్తరాలు వరసగా మూడు వచ్చాయి, మూడింట్లోనూ తిట్లే ఉన్నాయి, ఇంజిన్ ఎంతవరకు వచ్చిందో ఒక్క ముక్క లేదు. బోరింగ్ అయి బ్లాక్ ఇంటికి వచ్చి నెల దాటిందని అక్క చెప్పింది. పిస్టన్లు కూడా వచ్చాయట. మరి చేస్తున్నదేమిటి? నా గ్రీన్‌కార్డు క్యూ అయినా అప్పుడప్పుడూ కదులుతుంది.

ఇంకొకటి. మీ అక్షరాలు ఏమిటి రానురాను చీమల బారులా తయారయ్యాయి? మొదటి లైను కొంచెం నయం, పేజీ కిందికి వచ్చేసరికి కనపడటమే మానేస్తున్నాయి. ఆఖరి ఉత్తరాన్ని అబిగేల్ ఫోన్‌లో ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి నాకు చదివి వినిపించింది. కాగితం పొదుపు చేస్తున్నారా? అమెరికా వచ్చి పాతికేళ్లు దాటినా టిష్యూ పేపర్ సగానికి చింపి వాడే మనిషి మీరు. కావాలంటే ఒక రీమ్ కాగితాలు పంపిస్తాను, పెద్దగా రాయండి.

థ్యాంక్స్‌గివింగ్‌కి మేమిద్దరం వస్తున్నాం. అప్పుడు నా కళ్లతో చూస్తాను.

భూతద్దం కొనుక్కోబోతున్న
షాలేం రాజు


ఇర్వింగ్
నవంబర్ 14, 2024

షాలేం రాజుకి,

విషయం ఉన్నవాడు చిన్నగా రాస్తాడు. లేనివాడు పెద్దగా రాసి పేజీలు నింపుతాడు.

పని ఆగింది నా వల్ల కాదు. పిస్టన్ రింగులు తప్పు సైజు పంపారు. వెనక్కి పంపి, ఇంకొక చోటి నుంచి వేరే సెట్ తెప్పించాను. ఈ దేశంలో ఫోన్ ఎత్తేవాడికి తను అమ్మేది ఏమిటో తెలియదు. డిపోలో మా స్టోర్ కీపర్ ఎనిమిదో తరగతి చదివాడు, కళ్లు మూసుకుని చేతికి తగిలిన రింగు ఏ బండిదో చెప్పేవాడు.

థ్యాంక్స్‌గివింగ్‌కి రావద్దు. గ్యారేజ్‌లో పెయింట్ పని పెట్టుకున్నాను. వచ్చి నువ్వు చేసేదేమీ లేదు, నిలబడి సలహాలివ్వడం తప్ప. అది మన సంఘ పెద్దలు చాలామంది ఉచితంగా చేస్తున్నారు.

ప్రేమానందం


డబ్లిన్
డిసెంబర్ 8, 2024

బావగారికి,

రావద్దన్నారు, రాలేదు. నేను ఈ దేశం వచ్చిన పద్దెనిమిదేళ్లలో అక్క ఇంటికి రావద్దని నాకు ఎవరూ చెప్పలేదు. అబిగేల్ అప్పటికే టికెట్లు తీసుకుంది. అక్కకి ఫోన్ చేసి పెయింట్ ఏ రంగు అని అడిగాను. ఏ పెయింట్ అంది. అబద్ధం ఆడేటప్పుడు ఇంట్లోవాళ్లకి ముందు చెప్పి ఉంచాలి, అది కూడా నేనే నేర్పాలా?

రెండో సెట్ రింగులు కూడా తప్పు సైజే వచ్చాయని అక్కతో చెప్పారట. రెండు వేర్వేరు కంపెనీలు, రెండుసార్లూ తప్పు సైజేనా? మీ టెస్టింగ్ భాషలోనే చెబుతాను. ఇన్‌పుట్ మార్చినా అదే ఎర్రర్ వస్తుంటే, తప్పు ఇన్‌పుట్‌లో లేదని అర్థం. కూర్చుని ఆలోచించండి.

మీరు పని మర్చిపోయారు. అంతకంటే ఏం లేదు. ముప్పై ఏళ్ల కిందట బస్సు ఇంజిన్ విప్పినవాడు ఇప్పుడు మజిల్ కార్ ఇంజిన్ కడతానని కూర్చుంటే ఇలాగే ఉంటుంది. ఒప్పుకుంటే పరువు పోదు. ఒప్పుకోకపోతేనే పోతుంది, అది ఇప్పటికే సగం పోయింది.

హ్యాపీ క్రిస్మస్. కేకు పంపించాను, సైజు సరిపోకపోతే వెనక్కి పంపండి.

షాలేం రాజు


ఇర్వింగ్
జనవరి 12, 2025

షాలేం రాజుకి,

నీ పెట్టె ఇంజిన్ తెప్పించుకో. బిగించేవాడిని కూడా నువ్వే చూసుకో. నేను ఇక వాదించను.

ప్రేమానందం


డబ్లిన్
ఫిబ్రవరి 2, 2025

బావగారికి,

మీ ఉత్తరాన్ని ఫ్రేమ్ కట్టించాలనుకుంటున్నాను. మొత్తం మూడు లైన్లు. మీ జీవితంలో మీరు రాసిన ఉత్తరాల్లో తిట్టు లేనిది ఇదొక్కటే.

ఎల్ఎస్ ఆర్డర్ పెట్టేశాను. మార్చిలో వస్తుంది.

నిన్నటి కుటుంబ ప్రార్థనలో, జూమ్‌లో అందరూ ఉండగా, పాస్టర్‌గారు ఎవరైనా సాక్ష్యం చెప్పండి అన్నారు. నేనే చెప్పాను. మా బావగారు ఐదు నెలలు హృదయం కఠినపరచుకున్నారు, చివరికి మారుమనస్సు పొంది కొత్త ఇంజిన్‌ని అంగీకరించారు, ఆ ఐదు నెలల్లో ప్రపంచంలో రింగులు తయారుచేసేవాళ్లందరినీ తిట్టారు అన్నాను. ముప్పై మంది పడిపడి నవ్వారు. పాస్టర్‌గారు మ్యూట్ చేసుకుని మరీ నవ్వారు. అక్కడే మీ బొమ్మ మాయమైంది, నెట్ పోయిందనుకుంటాను. మిగతాది వినలేకపోయారు, బాగా పండింది.

గెలిచినవాడు
షాలేం రాజు


ఇర్వింగ్
ఫిబ్రవరి 11, 2025

షాలేం రాజుకి,

నెట్ పోలేదు. నేనే వెళ్లిపోయాను. అంతమందిని నవ్వించావు కదా, ఇప్పుడు కారణం కూడా తెలుసుకో.

ఎవరూ తప్పు సైజు పంపలేదు. రింగులు సరైనవే. పిస్టన్ రింగు అంటే గాజు లాంటిది, ఒకచోట తెగి ఉంటుంది. దాన్ని కొంచెం తెరిచి పిస్టన్ మీదికి ఎక్కించాలి. వెంట్రుకవాసి ఎక్కువ తెరిస్తే పుటుక్కున విరుగుతుంది. డిపోలో నేను పక్కవాడితో కబుర్లు చెబుతూ బస్సు ఇంజిన్ మొత్తానికి ఎక్కించేవాడిని, చేతుల వంక చూసేవాడిని కాదు. ఇక్కడ సెప్టెంబర్‌లో మూడు విరిచాను. అక్టోబర్‌లో ఐదు. నవంబర్‌లో కొత్త సెట్ విప్పి మొదటిదే విరిచి, పెట్టె మూసి పెట్టాను.

కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు నా మాట వినడం లేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే వాటంతట అవే ఏదో నలుపుతున్నట్టు ఆడుతుంటాయి. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం లేదని వెనక నుంచి చూసి కనిపెట్టింది మీ అక్క. పెళ్లాం నర్సు అయితే ఏం దాస్తాం. డాక్టర్ నా చేత పేరు రాయించింది. ప్రేమానందంలో మొదటి అక్షరం ఉన్నంత పెద్దగా చివరి అక్షరం లేదు. పార్కిన్సన్స్ అంది. కాగితం పొదుపు అని నువ్వు నవ్వింది దాన్ని చూసే.

ఆరేళ్లా, ఇరవై ఆరేళ్లా, లెక్క చూసుకోమన్నావు. చూసుకున్నాను. ఇరవై ఆరేళ్లు నేను వేరేవాళ్లు చేసినదాంట్లో తప్పులు వెతికాను. నేను చేసింది అంటూ ఏదైనా ఉంటే అది ఆ ఆరేళ్లదే. ఈ చేతులతో ఇంకొక్క ఇంజిన్ నిలబెట్టగలిగితే నేను ఇంకా మెకానిక్‌నే అనుకోవచ్చని ఆశపడ్డాను. నాకు భయంగా ఉంది. ఆ మాట మీ అక్కతో కూడా అనలేదు. రింగులు విరుగుతున్న సంగతీ ఆమెకి తెలియదు.

నీ కారు ట్రెయిలర్ మీద ఎక్కించి తీసుకుపో. రోజూ దాన్ని చూడలేను.

ఒక్క మాట. దీన్ని ప్రార్థన విన్నపాల్లో పెట్టకు. మనవాళ్ల సంగతి నీకు తెలుసు. ఇర్వింగ్‌లో పొద్దున విన్నపంగా బయలుదేరింది మధ్యాహ్నానికి న్యూజెర్సీలో వార్త అవుతుంది, సాయంత్రానికి ఏలూరులో నా భూస్థాపన అయిపోతుంది.

ప్రేమానందం


డబ్లిన్
ఫిబ్రవరి 23, 2025

బావగారికి,

మీ ఉత్తరం ఆఫీస్ పార్కింగ్‌లో చదివాను. కారులోంచి దిగలేకపోయాను. నేను ఎంత వెధవనో చెప్పడానికి మీ దగ్గర ఉన్నన్ని మాటలు నా దగ్గర లేవు, మీరే రాసి పంపండి.

ఎల్ఎస్ క్యాన్సిల్ చేశాను. ట్రెయిలర్ ఏదీ రాదు. ఆ కారుకి ఏ ఇంజిన్ వేయాలో మీరే చెప్పండి. ఏదీ వేయకపోయినా నాకు పరవాలేదు, మీకు కష్టం కలగకుండా ఉంటే చాలు. మీరు విశ్రాంతి తీసుకోండి. బరువులు ఎత్తకండి. అబిగేల్ పసుపు గురించి ఏదో చదివింది, లింక్ అక్కకి పంపింది.

ఇంకొకటి రాయాలి, ఎలా రాయాలో తెలియడం లేదు. మీ ఉత్తరం అందిన రోజే మా చర్చిలో ఉపవాస ప్రార్థన. మనసు ఆగలేదు. మీ పేరు చెప్పవద్దన్నారని అర్థం చేసుకుని పేరు చెప్పలేదు. టెక్సాస్‌లో ఉన్న మా బావగారి చేతుల కోసం ప్రార్థన చేయండి అన్నాను. నాకు ఒక్కతే అక్క అన్న సంగతి అంతమందికి గుర్తుంటుందనుకోలేదు.

మన్నించండి.

మీ తమ్ముడిలాంటి
షాలేం రాజు


ఇర్వింగ్
మే 11, 2025

షాలేం రాజుకి,

రెండున్నర నెలలు జవాబు రాయలేదు. రాస్తే పోస్టాఫీసు వాళ్లు మోయలేని మాటలు రాసేవాడిని. ఇది కూడా నాలుగు రోజులుగా రాస్తున్నాను, నీకు భూతద్దం అక్కర్లేకుండా.

నీ విశ్రాంతి సలహా నువ్వే ఉంచుకో. నన్ను తిడుతూ రాసిన ఉత్తరాల్లో నువ్వు నాతో మాట్లాడావు. ఆ ఆఖరి ఉత్తరంలో నా తల దగ్గర నిలబడి మాట్లాడావు. ఇంకెప్పుడూ అలా రాయకు.

నీ విన్నపం బుధవారం బయలుదేరింది, గురువారానికి మా గుమ్మంలో చెప్పులు పేరుకున్నాయి. వారం రోజులు వచ్చారు. బిర్యానీ ఐదు ట్రేలు వచ్చాయి, అన్నీ ఒకే చోట చేసినవి. ఒకాయన నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ, మధ్యలో ఒక కన్ను తెరిచి చెయ్యి ఆగిందో లేదో చూశాడు. ఆగకపోయేసరికి గొంతు పెంచాడు. ఇంకొకాయన గ్యారేజ్‌లోకి వచ్చి నీ షెవెల్‌ని ముట్టుకుని చూసి, "మైలేజ్ ఎంత ఇస్తుంది బ్రదర్?" అని అడిగాడు. బోనెట్ ఎత్తి ఉంది, లోపల ఇంజిన్ లేదు. "ఇప్పుడైతే చుక్క కూడా తాగడం లేదు" అన్నాను. దేవునికి స్తోత్రం అన్నాడు.

వాళ్లు వెళ్లాక కోపం పట్టలేక ఆ మూసిన పెట్టె మళ్లీ తెరిచాను. రెండో రింగు కూడా విరిచాను. వెనక్కి తిరిగితే మీ అక్క తలుపు దగ్గర ఉంది.

"మొత్తం ఎన్ని విరిచారు?" అంది.

"పది."

"నన్ను పిలవచ్చు కదా."

"దీని గురించి నీకేం తెలుసు?" అన్నాను. నీ అంత వెధవని నేను కూడా.

ఆమె సింక్ దగ్గరికి వెళ్లి, డ్యూటీలో కడుక్కున్నట్టు మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. నెలలు నిండని పిల్లల వార్డులో ఇరవై రెండేళ్లు చేసింది కదా, అగ్గిపుల్ల లాంటి చేతుల్లో నరం వెతికి సూది ఎక్కించేది. స్టూల్ లాక్కుని కూర్చుని, "ముందు విరిగినదాంతో చూపించండి" అంది. చూపించాను. ఇంకొక సెట్ తెప్పించాను. ఎనిమిది పిస్టన్లు, ఒక్క మధ్యాహ్నం. ఒక్క రింగు విరగలేదు.

చేతులు తుడుచుకుంటూ, "ఇదేనా? దీనికేనా ఇన్నేళ్లు నన్ను గ్యారేజ్‌లోకి రానివ్వంది? మా నర్సింగ్ ఫస్టియర్ పిల్లలు కూడా చేస్తారు ఇది" అంది.

నాకు సంతోషం కలిగిందని రాస్తే అబద్ధం. ఒళ్లు మండింది. పిస్టన్లు వరసగా పెట్టి ఉంటే ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాను. ఏడోదాని మీద రెండో రింగు తలకిందులుగా వేసింది. పైకి ఉండాల్సిన చిన్న చుక్క కిందికి ఉంది. అలాగే వదిలేస్తే ఇంజిన్ ఆయిల్ తాగేది. దూరం నుంచే పట్టుకున్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసినా కనపడలేదు. తీసి, తిప్పి మళ్లీ వేసింది. ఆ రోజు నుంచి నేను చెబుతాను, ఆమె చేస్తుంది, ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటాం. ఆమె నా కంటే బాగా తిడుతుంది, నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇంజిన్ ఎత్తి బండిలో దించాల్సిన రోజున ఎవరు ప్రార్థనకి వస్తామన్నా రమ్మన్నాను. నలుగురు వచ్చారు. నలుగురి చేతా గొలుసు పట్టించాను. వాళ్లలో బ్రదర్ రోహన్ చొక్కా పాడైంది.

క్యామ్ సంగతి కూడా చెప్పాలి. వాల్వులు ఎంతసేపు తెరుచుకుని ఉండాలో నిర్ణయించే కడ్డీ అది. బండి ఒకచోట ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ మెత్తగా తిరుగుతుందా, బండి మొత్తాన్ని కుదుపుతూ తిరుగుతుందా అన్నది దాని మీద ఉంటుంది. "ఈ ఏజ్‌లో స్మూత్‌గా ఉండేది తీసుకోండి సర్" అన్నాడు మెషిన్ షాపు వాడు, మన విజయవాడ కుర్రాడే. వాడి దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే మొరటుది తీసుకున్నాను. పవర్ కోసమని వాడికి చెప్పాను. నీకూ అదే రాయబోయాను. అది నిజం కాదు.

నిన్న స్టార్ట్ చేశాం. రెండోసారికి అందుకుంది. తాళం తిప్పింది మీ అక్క. షెల్ఫుల మీద డబ్బాలు మోగాయి, కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఊగింది. గొలుసు లాగిన నలుగురూ మళ్లీ వచ్చారు. చుట్టూ నిలబడి, ఇంజిన్ వంక కాదు, నా చేతి వంక చూస్తున్నారు, ఫిబ్రవరి నుంచి చూస్తున్నట్టే. నేను జేబులోంచి కుడి చెయ్యి తీసి ముందు చక్రం మీది ఫెండర్ రేకు మీద పెట్టాను. ఫెండర్ వణుకుతోంది, చెయ్యి వణుకుతోంది. ఏది దేని వణుకో వాళ్లకి తెలియలేదు. కాసేపు చూసి, ఇక చూడటానికి ఏమీ లేనట్టు, తలలు తిప్పి ఇంజిన్ వంక చూశారు.

నీ పెట్టె ఇంజిన్ మెత్తగా తిరుగుతుంది. దాని పక్కన నిలబడితే నేనొక్కడినే వణుకుతూ కనపడతాను. అందుకే ఇది వేశాను.

మీ బావ
ప్రేమానందం